బోరు ఎండడం చూసినవాళ్ళకు చమురు సంగతి తెలుసు

పోయిన వారం కూడేరు వైపు నుంచి ఒక రైతు కాలిపోయిన మోటారును ఆటోలో వేసుకొని మా షాపుకొచ్చాడు. అనంతపురంలో మోటారు వైండింగ్ షాపు నాది, ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, అందుకని విప్పగానే ఏం జరిగిందో తెలిసిపోతుంది. వోల్టేజీ వల్ల కాలిన మోటారు ఒకరకంగా ఉంటుంది, నీళ్ళు లేకుండా ఉత్తిగా తిరిగి కాలింది ఇంకోరకంగా ఉంటుంది. ఇది రెండోది. "బోరులో నీళ్ళు కిందికి పోయినట్టుండాయి కదన్నా" అంటే తల ఊపాడు. 700 అడుగుల దగ్గర ఉందట మోటారు. "ఇంక దాని పనైపోయిందిలే, పక్కనే తొమ్మిదొందలకు ఇంకోటి వేయిస్తా" అన్నాడు. టీ తెప్పించా. డీజిల్ రేటు, ట్రాక్టరు బాడుగ గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి అడిగాడు, "అన్నా, ప్రపంచంలో ఆయిలు ఇంక యాభై ఏండ్లకే ఉండాదంట, నిజమేనా?"

బడికి పోయే రోజుల నుంచీ వింటున్న మాట ఇది. అప్పుడు ముప్పై, నలభై ఏళ్ళనేవాళ్ళు, ఇప్పుడు యాభై అంటున్నారు. ఆ లెక్క ఎలా వస్తుందంటే, భూమిలో ఉందని తేలిన నిల్వలను ఏడాదికి మనం తాగే చమురుతో భాగిస్తారు, అంతే. ప్రపంచం రోజుకు దాదాపు 10 కోట్ల బ్యారెళ్ళు వాడుతోంది, బ్యారెల్ అంటే 159 లీటర్లు, అంటే రోజుకు 1,590 కోట్ల లీటర్లు. భాగహారం తప్పు కాదు. కానీ బోరు ఉన్నవాడెవడూ ఆ లెక్కను నమ్మకూడదు. ఏ బోరైనా చివరి రోజు దాకా రెండించుల నీళ్ళు పోసి ఆ మర్నాడు ఠక్కున ఆగిపోతుందా? మొదటి ఏడాది పైపు నిండుగా, తర్వాత ఇంచుంపావు, తర్వాత గంట పోసి అరగంట ఆగడం, ఆ తర్వాత గాలి, బురద. అది ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు. షాపులో నాలుగు ముక్కల్లో చెప్పిన మిగతా సంగతి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

మా ఊరు ఉరవకొండ రోడ్డులో. మా అబ్బ (తాత) కాలంలో మా బావి 40 అడుగులు, కపిల తోలేవాడు. రెండెద్దులు వాలులో దిగితే తోలు బాన పైకొచ్చేది, ఎద్దులు వెనక్కి నడిస్తే కిందికి పోయేది. తెల్లవారుజామున మూడుకు మొదలుపెడితే పొద్దెక్కేదాకా తోలినా అరెకరా తడిస్తే గొప్ప. మా నాయన పెద్దయ్యాక ఐదు హెచ్.పి. ఆయిలింజను కొన్నాడు. హ్యాండిలు వేసి రెండు చేతులతో తిప్పి, ఊపందుకున్నాక పైన లివరు వదిలితే మొదట ఒక దగ్గు, తర్వాత డుబుడుబుమని ఊరంతా వినిపించేది. ఆ రోజు అబ్బ ఇంజను పక్కనే కూచొని కాలవలో నీళ్ళు చూస్తూ మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదని జేజి చెప్పేది. ఎందుకు లేవలేదో ఇప్పుడు నాకు లెక్క తెలుసు కాబట్టి ఇంకా బాగా అర్థమవుతుంది. లీటరు డీజిల్లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజను అందులో మూడో వంతు కూడా పనికి మార్చలేదు, మిగతాదంతా వేడిగా, పొగగా పోతుంది. అయినా చేతికొచ్చే ఆ మూడు యూనిట్ల పని, జత ఎద్దులు ఒక పూటంతా లాగితే అయ్యే పని. ఒక్క లీటరు! జీవితమంతా ఎద్దుల వెనక నడిచిన మనిషికి అది ఎలా అనిపించి ఉంటుంది.

ఇంకో మాట, మా జిల్లా వాళ్ళకు తెలిస్తే సంతోషించే మాట. రుడాల్ఫ్ డీజిల్ కనిపెట్టిన ఇంజన్లలో ఒకదాన్ని 1900లో పారిస్ ప్రదర్శనలో నడిపింది వేరుశనగ నూనెతో. మన బుడ్డల నూనెతో. ఇంజనులో ఏమీ మార్చకుండానే నడిచిందని డీజిలే తర్వాత చెప్పాడు. కానీ భూమిలోంచి ఊరికే వస్తున్నది ఉండగా గానుగ ఆడించేదెవరు, ప్రపంచం చమురు వైపే పోయింది.

1859లో అమెరికాలోని టైటస్‌విల్ అనే ఊళ్ళో డ్రేక్ అనే ఆయన తవ్వించిన మొదటి చమురు బావి లోతు 69 అడుగులు. మా అబ్బ బావికి ఇంకో ముప్పై అడుగులు కలిపితే అంతే. చమురు కథ అక్కడ మొదలైంది, చేతికందే లోతులో. 2010లో మెక్సికో సింధుశాఖలో పేలిన డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు ఎక్కడ తవ్వుతోందంటే, 5,000 అడుగుల నీళ్ళ కింద, సముద్రం అడుగు నుంచి ఇంకా వేల అడుగులు లోపలికి. 11 మంది చనిపోయారు, దాదాపు మూడు నెలలు చమురు సముద్రంలోకి కారింది. 69 అడుగుల దగ్గర దొరుకుతుంటే ఎవరైనా అంత లోతుకు పోతారా? మనం 900 అడుగులకు ఎందుకు పోతున్నామో వాళ్ళూ అందుకే పోయారు.

ఇది ముందే చెప్పిన మనిషి ఎం. కింగ్ హబ్బర్ట్, షెల్ కంపెనీలో భూగర్భ శాస్త్రవేత్త. 1956లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో చమురు కంపెనీల వాళ్ళ సభలోనే నిలబడి, అమెరికా చమురు ఉత్పత్తి 1965, 1970 మధ్య శిఖరానికి చేరి తర్వాత దిగుతుందని చెప్పాడు. చాలామంది కొట్టిపారేశారు. 1970లో రోజుకు దాదాపు 96 లక్షల బ్యారెళ్ళకు చేరి అక్కడి నుంచి దిగడం మొదలైంది, 2008 నాటికి 50 లక్షలు. ఆయన చెప్పింది చమురు అయిపోతుందని కాదు. సగం చుట్టుపక్కల తోడేశాక ఎంత తవ్వినా రోజుకొచ్చేది తగ్గుతూ పోతుందని. పీక్ ఆయిల్ అంటే అదీ. బోరు భాషలో చెప్పాలంటే, బోరు ఎండడం కాదు, ఇంచులు తగ్గడం మొదలయ్యే రోజు.

మెక్సికోలో కాంటరెల్ అని ఒక చమురు క్షేత్రం ఉంది. సముద్రం మీద నూనె తెట్టు తేలుతోందని ఒక జాలరి చెప్తే కనుక్కున్నారు, ఆయన పేరే పెట్టారు. ఒత్తిడి తగ్గుతోందని లోపలికి నైట్రోజన్ గ్యాసు కొట్టి మరీ తోడారు, మనం కంప్రెసర్ పెట్టి బోరు ఫ్లషింగ్ చేయించినట్టు. 2004లో రోజుకు 21 లక్షల బ్యారెళ్ళ దాకా పోయింది. ఐదేళ్ళలో మూడో వంతుకు పడిపోయింది. అంత దూరం ఎందుకు, మన కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసునే చూడండి. 2009లో లోతు సముద్రం నుంచి గ్యాసు మొదలైనప్పుడు ఇంక మనకు కరెంటు కొరతే ఉండదన్నారు, కొన్నేళ్ళకే ఉత్పత్తి అనుకున్నదాంట్లో చిన్న ముక్కకు దిగిపోయింది, దాన్ని నమ్ముకొని కోస్తాలో కట్టిన కరెంటు కేంద్రాలు గ్యాసు లేక నిలబడిపోయాయి.

అయితే హబ్బర్ట్ చూడనిది ఒకటి జరిగింది, అది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. బండరాళ్ళ పొరల్లో ఇరుక్కున్న చమురును, బోరును అడ్డంగా తిప్పి, లోపలికి నీళ్ళు, ఇసుక ఒత్తిడితో కొట్టి, రాయి పగలగొట్టి తీయడం అమెరికా వాళ్ళు పట్టుకున్నారు. షేల్ ఆయిల్ అంటారు. దాంతో 2023లో అమెరికా ఉత్పత్తి రోజుకు 1.29 కోట్ల బ్యారెళ్ళకు పోయింది, 1970 శిఖరం కంటే పైకి. 2008 జూలైలో బ్యారెల్ 147 డాలర్లకు పోయినప్పుడు పీక్ ఆయిల్ వచ్చేసిందని రాసినవాళ్ళంతా తర్వాత మాటలు పడ్డారు. నేను మాత్రం వాళ్ళు పూర్తిగా తప్పని అనుకోను. మామూలు ముడి చమురు ఉత్పత్తి 2006లోనే శిఖరం చూసిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2010 నివేదికలో రాసింది. ఆ తర్వాత పెరిగిందంతా ఎక్కువ భాగం ఇలా రాయి పగలగొట్టి తీసిందే, లేకపోతే కెనడాలో లాగా తారులాంటి ఇసుకను గ్యాసు కాల్చిన ఆవిరితో కరిగించి తీసింది. షేల్ బావులు మొదటి ఏడాదిలోనే సగానికి పైగా తగ్గిపోతాయి, వెంట వెంటనే కొత్తవి వేస్తూ ఉండాలి. ఈ మాట వింటే నాకు మా ఊరే గుర్తొస్తుంది. తేదీ తప్పారు, జబ్బు సరిగ్గానే చెప్పారు.

మా పొలంలో 1996లో మొదటి బోరు వేశాం, 160 అడుగులు. 2003 కరువులో 350. తర్వాత 620. ఆఖరుది 800, నీళ్ళు పడ్డాయి, రెండేళ్ళే వచ్చాయి. బోరు వేయించినవాళ్ళకు తెలుసు, రిగ్గు బండి, కంప్రెసర్ బండి రెండూ వచ్చి నిలబడితే డీజిల్ ఎలా తాగుతాయో. అడుగుకు ఇంతని రేటు, 300 దాటాక ఒక రేటు, ఆపైన ప్రతి వందకూ పెరుగుతుంది. అంటే కింది నీళ్ళ కోసం పైన చమురు పోస్తున్నాం, చమురు రేటు పెరిగితే నీళ్ళ రేటూ పెరుగుతుంది. నీళ్ళు పడ్డాకన్నా అయిపోతుందా, అదీ లేదు. అవే వెయ్యి లీటర్లను 40 అడుగుల నుంచి తోడడానికీ 800 అడుగుల నుంచి తోడడానికీ శక్తిలో తేడా సరిగ్గా 20 రెట్లు (బోరు లోతు కాదు, నీళ్ళు నిలిచిన మట్టం లెక్క). మోటారులో, పైపులో పోయేది కూడా కలుపుకుంటే 800 అడుగుల నుంచి వెయ్యి లీటర్లు రావాలంటే యూనిట్నర పైనే కాలుతుంది. చీనీ (బత్తాయి) చెట్టుకు ఎండాకాలం రోజూ పోసే నీళ్ళతో గుణించుకోండి.

చీనీ చెట్లంటే ఇంకా బాధగానే ఉంటుంది. ఆ ఆఖరు బోరు పోయిన ఎండాకాలం మాకు మూడెకరాల చీనీ తోట, కాపు మీద ఉంది. ట్యాంకర్లతో తోలాం. ట్రాక్టరు వెనక ట్యాంకరు, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఇంకొకరి బోరు దగ్గర నింపుకొని రావడం, చెట్టు చెట్టుకూ పైపు పట్టడం. నాయన రాత్రుళ్ళు కూడా నిద్రపోలేదు. రెండు నెలలు తోలి, డీజిల్ బాకీ, ట్రాక్టరు బాకీ అయ్యి, ఆఖరుకు మే నెలలో ఆపేశాం. ఆకులు ముడుచుకొని, కాయలు చెట్టు మీదే ఎండిపోయాయి. చెట్లు కొట్టించిన రోజు నాయన పొలానికి రాలేదు. నేను చమురు గురించి ఇంతగా చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. అమెరికా గురించో అరబ్బు దేశాల గురించో కాదు నాకు, మా మూడెకరాల గురించే.

చిన్నప్పుడు జేజి పాతర గురించి చెప్పేది. జొన్నలు పండిన ఏడాది ఇంటి ముందర భూమిలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టితో మూసేసేవాళ్ళు. కరువొస్తే తీసేవాళ్ళు. పాతర తెరిచిన రోజు ఇంట్లో పండగలా ఉండేదట, కానీ పెద్దవాళ్ళు మాత్రం ఎన్ని సోలలు, ఎన్ని రోజులు అని లెక్కపెట్టుకుంటూనే ఉండేవాళ్ళట. చమురంటే భూమి కోట్ల ఏళ్ళ ఎండను పాతర వేసుకున్నదే. సముద్రంలో చిన్న చిన్న జీవులు ఎండ తిని బతికి చచ్చి అడుగున పడి, పైన మట్టి పేరుకొని ఆ ఒత్తిడికి, వేడికి మారింది. మా 800 అడుగుల నీళ్ళు కూడా ఎన్నో ఏళ్ళ వానల పాతరే. మనకు దొరికింది రెండు పాతరలు, రెండింటినీ ఒకే తరంలో, సోలలు లెక్కపెట్టకుండా తోడుకున్నాం.

ఇప్పుడు ఎండా గాలీ సంగతి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మా జిల్లాది. ఆషాఢం గాలి మబ్బులను మా నెత్తిన నిలవనీయకుండా తోసుకుపోతుంది. ఆ గాలిని తిట్టుకోని రైతు లేడు. ఇప్పుడు అదే గాలికి రామగిరి గుట్టల మీద, మా ఉరవకొండ, వజ్రకరూరు వైపు గాలిమరలు తిరుగుతున్నాయి. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ బీళ్ళలో దాదాపు 5,900 ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ఆ పార్కులో కొంత కరెంటుకు 2015 వేలంలో యూనిట్‌కు 4 రూపాయల 63 పైసలు పాడారు. 2017 ఏప్రిల్లో కడప సోలార్ పార్కు వేలంలో 3 రూపాయల 15 పైసలు, అప్పటికి దేశంలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2010లో దేశంలో మొదటి సోలార్ వేలాలప్పుడు 12 రూపాయల దగ్గర ఉండేది. రేటు ఏడేళ్ళలో నాలుగో వంతుకు పడిపోవడం నా వ్యాపారంలో రాగి తీగకు గానీ, డీజిల్‌కు గానీ, దేనికీ నేను చూడలేదు.

సాయంత్రం ఆరు తర్వాత ఏంటి అని అడుగుతారు, సరైన ప్రశ్నే. 1000 మెగావాట్ల పార్కంటే 24 గంటలూ వెయ్యి కాదు, సగటు తీస్తే పావు వంతు కూడా కష్టమే. అందుకే పిన్నాపురం దగ్గర కొండల్లో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ చేపట్టారు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్ళను కింది చెరువు నుంచి పై చెరువుకు తోడతారు, రాత్రి దింపి టర్బైను తిప్పుతారు. వంద యూనిట్లు పెడితే డెబ్బై ఐదు, ఎనభై తిరిగొస్తాయి. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో కూడా 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ అలా వెనక్కి తోడగలిగినవే. ఆ నీళ్ళు ఖర్చు కావు, ఆవిరైన కాస్త తప్ప అవే కిందికీ పైకీ తిరుగుతాయి. నీళ్ళు తోడే పని చేసేవాడిగా నాకు ఇది ఎంత నచ్చిందో చెప్పలేను. ముద్దనూరు దగ్గర మన రాయలసీమ థర్మల్ కేంద్రం ఇంకా బొగ్గు రైళ్ళ మీదే నడుస్తోంది, 1650 మెగావాట్లు. అది రేపే మూతపడేది కాదు, పడాలని తొందరపడే పరిస్థితీ లేదు.

కానీ కరెంటు వేరు, చమురు వేరు. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. ప్రపంచం వాడే చమురులో సుమారు ఐదో వంతు హోర్ముజ్ జలసంధి అనే ఇరుకు దారిలోంచి పోతుంది, అక్కడ ఏ గొడవైనా ఇక్కడ ట్రాక్టరు బాడుగలో కనిపిస్తుంది. సోలార్ పలకలు లారీ నడపవు, కోత మిషను నడపవు, యూరియా సహజ వాయువుతో తయారవుతుంది, డ్రిప్పు పైపు కూడా చమురు నుంచి వచ్చిన ప్లాస్టిక్కే. బండ్ల వైపు మార్పు మొదలైన మాట నిజం, చైనాలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు సగం కరెంటుతో చార్జ్ అయ్యేవే. దానివల్ల ఇప్పుడు పీక్ అనే మాటకే అర్థం తిరగబడింది, చమురు దొరకక కాదు, కొనేవాళ్ళు తగ్గి 2030 లోపే శిఖరం వస్తుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో అంచనా వేసింది, చమురు అమ్ముకునే ఒపెక్ దేశాలు ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా, ట్రాక్టరు నడిపే రైతుకు డీజిల్ ఇంకా చాలా ఏళ్ళు కావాలి. అందుకే దాన్ని వృథాగా కాల్చినప్పుడల్లా నాకు మంటగా ఉంటుంది.

నా అసలు భయం వేరే. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చినప్పుడు మా ఇంట్లో నాయన ఏడ్చినంత పని చేశాడు, బిల్లు బాకీల టెన్షన్ ఎలా ఉండేదో నాకు తెలుసు, దాన్ని తప్పని నేను ఎప్పటికీ అనను. కానీ మీటరు లేని మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి, కరెంటు వచ్చిన ప్రతి నిమిషం తోడి, మేమందరం కలిసి కింది పాతర ఖాళీ చేశాం. ఇప్పుడు సోలార్ పంపు వస్తోంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా పైసా ఖర్చు లేకుండా తిరుగుతుంది. ఎండ అయిపోయేది కాదు, నిజమే, దాంతో తోడే నీళ్ళు మాత్రం అయిపోతాయి. శక్తి ఎంత చౌకైతే ఇంకో పాతర అంత త్వరగా ఖాళీ అవుతుంది, ఈ సంగతి పలకలు బిగించే రోజే చెప్పేవాళ్ళు ఎవరూ నాకు కనపడలేదు. హంద్రీనీవా ఎత్తిపోతల పథకంలో కృష్ణ నీళ్ళు మల్యాల నుంచి మెట్టు మెట్టుకూ పంపుల మీద ఎక్కి జీడిపల్లికి వస్తున్నాయి, ఆ నీళ్ళ వెనక కూడా ఎంత కరెంటుందో చూస్తే, పడిన ప్రతి వాన చుక్కా మన చెరువులో, పొలంలోనే ఇంకేలా చేసుకోవడం కంటే చౌకైన కరెంటు ఏదీ లేదనిపిస్తుంది. కంపచెట్లు మొలిచిన మా ఊరి చెరువు తూము దగ్గర నిలబడి ఎన్నిసార్లు అనుకున్నానో ఇది.

కూడేరు రైతుకు ఇంత చెప్పలేదు. మోటారు వైండింగ్ చేసి, ఈసారి నీళ్ళు తగ్గగానే దానంతటదే ఆగిపోయేలా డ్రై రన్ ప్రొటెక్షన్ పెట్టించుకోమన్నా. తొమ్మిదొందల బోరు గురించి అడిగితే వద్దన్నా. ఆయన పక్క పొలం వాళ్ళ బోరులో ఇంకా ఇంచున్నర వస్తోందట, ఇద్దరూ మాట్లాడుకొని ఒకే పైపు లైను వేసుకొని, ఆరుతడి పంట పెట్టుకొని వంతులేసుకుంటే ఇద్దరికీ నాలుగేళ్ళు గడుస్తుందని చెప్పా. మా జిల్లాలో కొన్ని ఊళ్ళలో అలా బోర్లు కలుపుకున్నవాళ్ళు ఉన్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "వాళ్ళతో మాకు గట్టు తగాదా ఉండాదన్నా" అన్నాడు. తర్వాత, "రిగ్గు బండికి అడ్వాన్సు కూడా ఇచ్చినా" అన్నాడు.

గురువారం వస్తుందట బండి. బుధవారం షాపు మధ్యాహ్నమే మూసి నేనూ వాళ్ళ ఊరికి పోతున్నా. గట్టు అవతలాయన మోటారు కూడా రెండేళ్ళ కింద నేనే కట్టినట్టు గుర్తు.